పాత స్ప్లెండర్ వేడెక్కితే ఆగిపోతోంది, బోరు చేయించాల్సిందేనా?

అల్లూరు_చెరువుకట్ట
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది అల్లూరు దగ్గర పల్లె. మా నాన్న 1998లో కొన్న స్ప్లెండర్ ఇప్పటికీ ఇంట్లో ఉంది. రొయ్యల చెరువుల మీదికి పోవాలన్నా, మేత బస్తా తేవాలన్నా అదే. నాన్న ఇప్పుడు నడపలేకపోతున్నారు, నేనే వాడుతున్నాను.

సమస్య ఏంటంటే, పొద్దున చోక్ వేసి రెండో కిక్కుకు స్టార్ట్ అవుతుంది. ఆరేడు కిలోమీటర్లు బాగా పోతుంది. తర్వాత పికప్ తగ్గుతుంది, స్లో చేస్తే ఆగిపోతుంది. అప్పుడు ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాదు. అరగంట నీడన పెడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. కొత్త ప్లగ్ వేశాను, కార్బురేటర్ క్లీన్ చేయించాను. ఏం మారలేదు. మెకానిక్ చూసి బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) పోయింది, ఇంజన్ దించాలి, ఆరేడు వేలు అవుతుంది అన్నాడు.

నాన్న బండి కాబట్టి అమ్మే ఆలోచన లేదు. డబ్బు పెట్టడానికి వెనకాడను. కానీ అంత పెట్టాక కూడా ఇదే సమస్య ఉంటే ఎట్లా అని టెన్షన్.


ఒంగోలు_ఆర్‌ఎక్స్
శనివారం, రాత్రి 10:05

తమ్ముడూ, ఇది ప్లగ్‌కు కరెంట్ పంపే కాయిల్ సమస్య. హెచ్‌టి కాయిల్ వేడెక్కితే లోపల తీగ తెగినట్టు అయ్యి కరెంట్ ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ వస్తుంది. నా బండికి అచ్చం ఇట్లాగే అయింది. కాయిల్ మార్చెయ్, తక్కువ ఖర్చులో అయిపోతుంది.


మైపాడు_గాలి
శనివారం, రాత్రి 10:31

కాయిల్ కొనేముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. బండి ఆగిన చోటే పెట్రోల్ ట్యాంకు మూత తియ్యండి. "సుయ్"మని గాలి లోపలికి పోయిన శబ్దం వచ్చి, వెంటనే స్టార్ట్ అయితే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. ట్యాంకులోకి గాలి పోకపోతే పెట్రోల్ కిందికి దిగదు. అరగంట ఆగితే మెల్లగా దిగుతుంది కాబట్టి, చల్లబడ్డాక బాగైపోయింది అనుకుంటాం. మా సముద్రం పక్కన ఉప్పు, తుప్పు కలిసి ఆ రంధ్రం మూసుకుపోవడం చాలాసార్లు చూశాను.


పాతపనిముట్లు_నెల్లూరు
ఆదివారం, ఉదయం 6:10

అబయా, నెల్లూరులో ముప్పై ఏళ్లు షాపు నడిపి ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. పైన ఇద్దరూ చెప్పింది జరిగేదే. కానీ ఏది జరిగిందో బండి ఆగిన నిమిషంలోనే తెలుస్తుంది. ఇంటికొచ్చి చల్లబడ్డాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. అందుకే జేబులో ప్లగ్ స్పానర్, మంచి ప్లగ్ ఒకటి పెట్టుకొని బయల్దేరు. ఆగిన చోట ఈ మూడూ చూడు.

మొదట ట్యాంకు మూత. మైపాడు ఆయన చెప్పినట్టే.

తర్వాత కరెంట్. చేతిలో ఉన్న ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజన్ ఫిన్‌లకు ఆనించి కిక్ కొట్టు. ఇంజన్‌లో ఉన్న ప్లగ్ తియ్యొద్దు. ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది, పక్కనే నిప్పురవ్వ ఉంటే ప్రమాదం. నీలంగా, గట్టిగా కొడితే కాయిల్ మీద అనుమానం వదిలెయ్. ఎర్రగా, సన్నగా వస్తే, లేదా అసలు రాకపోతే కాయిలో, మాగ్నెట్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంట్ పుట్టించే చక్రం) లోపల పికప్ కాయిలో చూద్దాం.

మూడోది కిక్కర్ బిగువు. చల్లగా ఉన్నప్పుడు కాలికి ఎంత బిగువు తగులుతుందో ఇంట్లోనే గుర్తుపెట్టుకో. ఆగినప్పుడు అంతే ఉందా, వదులుగా కిందికి జారిపోతోందా?

ఈ మూడింటికీ సమాధానం తెచ్చేదాకా ఏ సామానూ కొనొద్దు.


అల్లూరు_చెరువుకట్ట
ఆదివారం, మధ్యాహ్నం 1:15

పొద్దున్నే పోయి వచ్చాను సార్. విడవలూరు దారిలో ఆగింది. ట్యాంకు మూత తీశాను, శబ్దం రాలేదు, స్టార్ట్ కూడా కాలేదు. స్పార్క్ నీలంగా బాగా కొడుతోంది, ఎండలో కూడా కనిపించింది. కిక్కర్ మాత్రం తేడా ఉంది. పొద్దున కాలు ఆనిస్తే ఆగేది, అక్కడ చేత్తో నొక్కినా కిందికి పోయింది. అంటే బోరు పోయినట్టేనా? మెకానిక్ చెప్పిందే నిజమా?


కోవూరు_కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 1:50

కంప్రెషన్ (బోరులో గాలి నొక్కుడు) లేదంటే పిస్టన్ రింగులే కదా అన్నా. ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి కిక్ కొట్టి చూడు. బిగువు పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు లీక్ అవుతున్నట్టు. ఐటీఐలో మాకు అట్లాగే చెప్పారు.


పాతపనిముట్లు_నెల్లూరు
ఆదివారం, సాయంత్రం 4:20

కోవూరు అబ్బాయి చెప్పిన పరీక్ష మంచిదే, నిలువు బోరు ఉన్న ఇంజన్లకు. స్ప్లెండర్, సీడీ 100 ఇంజన్లలో బోరు దాదాపు పడుకొని ఉంటుంది. పోసిన ఆయిల్ కింది వైపే నిలుస్తుంది, రింగు చుట్టూ పాకదు. అందుకని ఈ బండ్లకు దాన్ని పూర్తిగా నమ్మలేం.

ఇంకో మాట. రింగులు అరిగితే చల్లగా ఉన్నప్పుడు కూడా బిగువు తక్కువే ఉంటుంది, పొద్దున రెండో కిక్కుకు లేవదు, దారంతా నీలిపొగ వదులుతుంది, ఆయిల్ తగ్గిపోతుంది. నీ బండి చల్లగా బాగుండి, వేడెక్కాక ఒక్కసారిగా బిగువు పోతోంది. ఇది వేరే లెక్క.

ఒక్క ప్రశ్న అడుగుతాను, బాగా గుర్తుచేసుకొని చెప్పు. ఈ సమస్య మొదలవకముందు బండికి చివరగా చేయించిన పని ఏంటి?


అల్లూరు_చెరువుకట్ట
ఆదివారం, సాయంత్రం 5:02

పెద్ద పనేమీ చేయించలేదు సార్. రెండు నెలల కింద ఇంజన్ నుంచి టకటకమని శబ్దం వస్తుంటే రోడ్డు పక్క షాపులో చూపించాను. ట్యాపెట్ సౌండ్ అని బిగించి ఇచ్చారు. అప్పటి నుంచి ఇంజన్ చాలా మెత్తగా ఉంది, ఏ శబ్దమూ లేదు.

ఆగండి. ఆగిపోవడం మొదలైంది కూడా దాని తర్వాతే. ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది.


పాతపనిముట్లు_నెల్లూరు
ఆదివారం, రాత్రి 8:30

అదీ సంగతి. బోరు జోలికి పోవద్దు.

వాల్వుకూ, దాన్ని నొక్కే రాకర్ చేతికీ మధ్య సన్నటి ఖాళీ ఉండాలి. ట్యాపెట్ బిగించడం అంటే ఆ ఖాళీ తగ్గించడమే. ఈ 97.2 సీసీ ఇంజన్‌కు ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ (పెట్రోల్ గాలి వచ్చే వాల్వు, పొగ పోయే వాల్వు) రెండింటికీ 0.05 మి.మీ. మామూలు తెల్ల కాగితం మందంలో సుమారు సగం. ఆ ఖాళీ ఎందుకంటే, వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు కాలిన గ్యాసులోనే మునిగి ఉంటుంది కాబట్టి దానికి వేడి ఎక్కువ. ఖాళీ లేకుండా బిగించేస్తే, చల్లగా ఉన్నప్పుడు ఎట్లాగో మూసుకుంటుంది, ఆరేడు కిలోమీటర్లు పోయేసరికి సాగి, పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి కంప్రెషన్ అంతా సైలెన్సర్‌లోకి పోతుంది. చల్లబడితే మళ్లీ మూసుకుంటుంది. నీ అరగంట లెక్క అదే.

దీంట్లో ఇంకో నష్టం ఉంది. వాల్వు తన వేడిని సీటుకు (అది మూసుకునే చోటుకు) ఆనినప్పుడే హెడ్‌కు వదులుతుంది. ఆనకపోతే ఆ వేడి అక్కడే ఉండి వాల్వు అంచు కాలిపోతుంది. అట్లాగే నడుపుతూ పోతే అప్పుడు నిజంగానే హెడ్ పని పడుతుంది. అందుకని సెట్ చేసేదాకా బండి తియ్యకు.


ఒంగోలు_ఆర్‌ఎక్స్
ఆదివారం, రాత్రి 8:52

కాయిల్ అని తొందరపడి చెప్పాను, సారీ తమ్ముడూ. కానీ పెద్దాయనా, ఒక సందేహం. ట్యాపెట్ శబ్దం రాకపోతేనే మంచిదని కదా అందరూ అంటారు? షాపులో కూడా చెవి పెట్టి వింటూనే సెట్ చేస్తారు.


పాతపనిముట్లు_నెల్లూరు
ఆదివారం, రాత్రి 9:25

నేను కూడా నేర్చుకునే రోజుల్లో చెవితోనే చేశాను. కస్టమర్‌కు శబ్దం నచ్చదు, శబ్దం పోతే సంతోషంగా పోతాడు. కానీ ట్యాపెట్ వదులైతే అది టకటకమని మనల్ని పిలుస్తుంది. బిగుసుకుపోతే ఏమీ చెప్పదు, లోపల వాల్వు కాలుతూ ఉంటుంది. శబ్దం ఎక్కువైతే ఖాళీ పెరిగిందని చెవి చెప్పగలదు, కానీ 0.05 ఉందా, సున్నా ఉందా చెవికి తెలియదు. దానికి ఫీలర్ గేజ్ (కొలత రాసిన సన్నటి రేకుల కట్ట) కావాలి. ట్రంక్ రోడ్డు సామాన్ల షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. 0.05 రేకు ఉందో లేదో చూసి కొను.

ఇప్పుడు పని ఎట్లా చేయాలో చెబుతాను. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. పుస్తకంలో 35 డిగ్రీల లోపు అని ఉంటుంది. ఈ ఎండల్లో మన దగ్గర మధ్యాహ్నం నీడలో పెట్టిన ఇంజన్ కూడా అంత చల్లగా ఉండదు. రాత్రంతా నిలబెట్టి, తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టు.

ప్లగ్ తీసెయ్, ఇంజన్ తిప్పడం తేలికవుతుంది. ఎడమ వైపు మాగ్నెట్ కవర్ మీద రెండు మూతలు ఉంటాయి. మధ్యలో పెద్దదాంట్లోంచి బోల్ట్‌కు స్పానర్ వేసి, గడియారం తిరిగే దిక్కుకు వ్యతిరేకంగా మెల్లగా తిప్పు. పైన చిన్న రంధ్రంలో టి అనే అక్షరం పక్కన గీత, కవర్ మీది గుర్తుకు ఎదురుగా రావాలి. హెడ్ మీద ఉన్న రెండు ట్యాపెట్ మూతలు తీసి రాకర్లను వేలితో కదిలించు. నీ బండిలో ఎగ్జాస్ట్ బిగుసుకొని ఉండొచ్చు కాబట్టి ఇన్‌లెట్‌ను నమ్ము. ఇన్‌లెట్ కదలకపోతే పిస్టన్ ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర ఉన్నట్టు, ఇంకో చుట్టు తిప్పి మళ్లీ టి దగ్గర ఆపు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

లాక్ నట్ వదులు చేసి, రేకు మధ్యలో పెట్టి స్క్రూ బిగించు. రేకు లాగితే కొంచెం పట్టి వదిలినట్టు రావాలి. ఆ స్క్రూను కదలకుండా పట్టుకొని లాక్ నట్ బిగించు. బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడు. నట్‌తో పాటు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది, చాలాసార్లు రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది. విసుగు పడొద్దు.

ప్లగ్‌ను మొదట చేత్తోనే తిప్పి ఎక్కించు. మర చిన్నది, హెడ్ అల్యూమినియం. అడ్డంగా ఎక్కితే మర పోతుంది.

వదులు చేసే ముందు ఎగ్జాస్ట్‌కు ఎంత ఖాళీ ఉందో చూసి ఇక్కడ రాయి. నేను చెప్పింది తప్పైతే అప్పుడే తెలిసిపోతుంది.


అల్లూరు_చెరువుకట్ట
మంగళవారం, ఉదయం 9:30

చేశాను సార్. ఇన్‌లెట్‌కు 0.05 రేకు కొంచెం బిగువుగా దూరింది. ఎగ్జాస్ట్‌కు ఏ రేకూ దూరలేదు. రాకర్‌ను వేలితో పట్టి కదిలిస్తే అస్సలు కదల్లేదు. అంటే చల్లగా ఉన్నప్పుడే ఖాళీ సున్నా.

రెండూ 0.05కు పెట్టాను. నాన్న పక్కన కుర్చీ వేసుకొని కూర్చొని టార్చ్ పట్టుకున్నారు. గంటన్నర పట్టింది. అల్లూరు నుంచి నెల్లూరు వచ్చి మళ్లీ వెనక్కి పోయాను, ఒక్కసారి కూడా ఆగలేదు. వేడిగా ఉన్నప్పుడు ఆపి మళ్లీ కిక్ కొట్టాను, ఒక్క కిక్కుకే లేచింది. సన్నగా టిక్ టిక్ శబ్దం వస్తోంది, దాన్ని విని నాన్న "కొన్నప్పుడు ఇట్లానే ఉండేది" అన్నారు.


పాతపనిముట్లు_నెల్లూరు
మంగళవారం, ఉదయం 10:15

చాలా సంతోషం అబయా. ఆ సన్నటి శబ్దం ఉండాల్సిందే. ఒక 400, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చల్లగా ఉన్నప్పుడు రేకు పెట్టి చూడు. 0.05 అట్లాగే ఉంటే వాల్వు బాగుంది. మళ్లీ బిగుసుకుంటే వాల్వు సీటులోకి దిగుతోందని అర్థం, అప్పుడు హెడ్ దించి వాల్వు గ్రైండింగ్ చేయించాలి. అప్పుడైనా బోరు పని వేరు, హెడ్ పని వేరు. రెండూ కలిపి చేద్దాం అంటే, ఎందుకో చూపించమని అడుగు.


చీమకుర్తి_క్వారీదారి
మంగళవారం, రాత్రి 7:40

ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. మా దగ్గర గ్రానైట్ లారీల దుమ్ములోనే రోజూ తిరగాలి. నా పాత స్ప్లెండర్‌కు రెండేళ్ల కింద బోరు చేయించాను, మళ్లీ పొగ మొదలైంది. పొద్దున ఒక్కసారి వచ్చి ఆగే పొగ కాదు, రేజ్ చేసిన ప్రతిసారీ నీలంగా వస్తోంది. సామాను నాసిరకం అంటారా?


పాతపనిముట్లు_నెల్లూరు
మంగళవారం, రాత్రి 9:00

పొద్దున ఒక్క పొగ వదిలి ఆగితే అది వాల్వు సీల్, రాత్రంతా ఆయిల్ కారి బోరులోకి దిగుతుంది. నీది రింగులే. కానీ సామానును అనేముందు ఎయిర్ ఫిల్టర్ చూడు. రాతి దుమ్ము మట్టి కంటే గట్టిది. అది ఫిల్టర్ దాటి లోపలికి పోతే రింగుకూ బోరుకూ మధ్య అరగదీసే గరుకు పొడిలా పనిచేస్తుంది. కొత్త బోరు కూడా నిలవదు.

ఫిల్టర్ తీసి, ఫిల్టర్ బాక్స్ నుంచి కార్బురేటర్‌కు పోయే రబ్బరు గొట్టం లోపల శుభ్రమైన తెల్ల గుడ్డతో తుడువు. గుడ్డకు బూడిద రంగు దుమ్ము అంటితే, ఫిల్టర్ చిరిగిందో, అంచు సరిగా ఆనలేదో, గొట్టం పగిలిందో. స్పాంజి రకం ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, ఇంజన్ ఆయిల్ పట్టించి గట్టిగా పిండి వెయ్యాలి. ఆయిల్ తడి లేని స్పాంజి సన్న దుమ్మును ఆపదు. కాగితం రకం అయితే లోపలి వైపు నుంచి మెల్లగా గాలి కొట్టాలి, మరీ మురికైతే మార్చెయ్యాలి. నీ దారిలో వారానికోసారి చూసుకోవాలి, పుస్తకంలో రాసిన కిలోమీటర్లు ఆ దుమ్ముకు సరిపోవు.

ఇంకోటి కూడా చెయ్యి. ఈ ఇంజన్‌కు బయట మార్చుకునే ఆయిల్ ఫిల్టర్ ఉండదు. కుడి వైపు క్లచ్ కవర్ లోపల తిరిగే గిన్నె ఒకటి ఉంటుంది, దుమ్ము, ఇనుప రజను దాని గోడకు నల్లటి బంకలా పట్టేస్తాయి. కింద జల్లెడ ఒకటి ఉంటుంది. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఈ రెండూ విప్పి కడగకపోతే ఆ మురికి అక్కడే ఉంటుంది. క్లచ్ ప్లేట్లు మార్చేటప్పుడు ఎట్లాగూ కవర్ తీస్తారు, అప్పుడు దగ్గర నిలబడి కడిగించుకో.


ఒంగోలు_ఆర్‌ఎక్స్
బుధవారం, ఉదయం 7:20

పెద్దాయనా, నాది కూడా అడుగుతాను. నా ఆర్‌ఎక్స్ 100, 1994 నాటి యమహా టూ స్ట్రోక్ బండి. నెల నుంచి తెల్లపొగ విపరీతంగా వస్తోంది. టూటీ ఆయిల్ (పెట్రోల్‌తో కలిసి కాలే ఆయిల్) ఎక్కువ పోతోందేమో అని పంప్ సెట్టింగ్ తగ్గించమంటున్నారు.


పాతపనిముట్లు_నెల్లూరు
బుధవారం, ఉదయం 8:05

పంప్ తగ్గించొద్దు. టూ స్ట్రోక్‌లో ఆయిల్ తక్కువైతే పిస్టన్ సీజ్ అవుతుంది, అంటే బోరులో పట్టేస్తుంది. ముందు గేర్ బాక్స్ ఆయిల్ ఎంత ఉందో చూడు. కింద ఎక్కడా కారకుండా అది తగ్గుతుంటే, క్లచ్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్ (ఆయిల్‌ను అడ్డుకునే రబ్బరు రింగు) పోయినట్టు. క్రాంక్ కేసు గేర్ ఆయిల్‌ను పీల్చి కాలుస్తోంది, ఆ పొగ అది.

మాగ్నెట్ వైపు సీల్ పోతే గుర్తులు వేరు. అటువైపు బయటి గాలి లోపలికి పోతుంది. యాక్సిలరేటర్ వదిలినా రేజ్ దిగదు, స్లో నిలవదు, ప్లగ్ తెల్లగా కాలి ఉంటుంది. అట్లా ఉన్నప్పుడు హైవే మీద స్పీడ్‌గా పోతే పిస్టన్ కరిగే ప్రమాదం. మాగ్నెట్ విప్పేటప్పుడు పుల్లర్‌తోనే తియ్యమను, సుత్తితో కొట్టనివ్వద్దు.


ఒంగోలు_ఆర్‌ఎక్స్
బుధవారం, సాయంత్రం 6:45

గేర్ ఆయిల్ చూశాను. పోసింది మూడు వారాల కిందే, సగం కూడా లేదు. కింద నేల మీద ఒక్క చుక్క లేదు. సీల్ పనికే ఇస్తున్నాను.


కందుకూరు_తోట
గురువారం, ఉదయం 11:10

మామిడి తోటలో పిల్లల కోసం పాత చిన్న ఏటీవీ (నాలుగు చక్రాల బండి) ఒకటి కొన్నాం, 110 సీసీ. రెండేళ్లు షెడ్‌లోనే ఉండిపోయింది. కొత్త బ్యాటరీ పెట్టాను. స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. ఇక్కడ దాన్ని ముట్టుకునే మెకానిక్ దొరకడం లేదు.


మైపాడు_గాలి
గురువారం, మధ్యాహ్నం 12:30

భయపడకండి. చాలా చిన్న ఏటీవీల్లో బోరు పడుకొని ఉండే ఇంజన్, హోండా కబ్ నమూనా నుంచి వచ్చిందే ఉంటుంది. మీదీ అట్లాగే కనిపిస్తే స్ప్లెండర్ తెలిసినవాళ్లు ఎవరైనా చూడగలరు.

ముందు వెనక వైపు తాడు కట్టే ఆపు స్విచ్ ఉందేమో చూడండి. పిల్లల బండ్లకు అది ఉంటుంది, తాడు లాగేసి ఉంటే కరెంట్ రాదు. హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ కూడా. అవి బాగుండి స్పార్క్ వస్తుంటే, పాత పెట్రోల్ మొత్తం తీసి పారబోయండి. కార్బురేటర్ కింది గిన్నె విప్పితే లోపల బంక కనిపిస్తుంది. స్లో జెట్ (స్లోలో పెట్రోల్ వదిలేది) రంధ్రం సూది మొన కంటే సన్నం, మొదట మూసుకునేది అదే. సన్న రాగి తీగతో, గాలితో తెరవండి. ఇనుప సూది వాడితే రంధ్రం పెద్దదైపోతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. మా సముద్రం గాలికి ఇంకా తొందరగా పాడవుతుంది. నెల రోజులు బండి తియ్యం అనుకుంటే గిన్నె అడుగు స్క్రూ వదిలి కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టండి.


కందుకూరు_తోట
శుక్రవారం, రాత్రి 8:15

తాడు లేదు, దాని స్విచ్‌లో తుప్పు. దాన్ని శుభ్రం చేశాక స్పార్క్ వచ్చింది. కార్బురేటర్ గిన్నెలో పచ్చటి బంక. రేపు జెట్లు తీస్తాను.


అల్లూరు_చెరువుకట్ట
మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 7:50

సార్, 430 కిలోమీటర్లు తిరిగింది. ఈ పొద్దున ఐదింటికి మళ్లీ రేకు పెట్టి చూశాను. ఇన్‌లెట్ 0.05. ఎగ్జాస్ట్ కూడా 0.05, మొన్న పెట్టినంతే ఉంది. ప్లగ్ తీసి చూశాను, ఇటుక రంగులో ఉంది. ఆయిల్ గీత దగ్గర నుంచి కదల్లేదు.

బోరు కోసం తీసిపెట్టిన డబ్బులో కొంత పెట్టి చైన్ సెట్, వెనక టైరు మార్పించాను. ఫీలర్ గేజ్‌ను నాన్న గుడ్డలో చుట్టి తన పెట్టెలో పెట్టుకున్నారు. పక్కింటి వాళ్ల సీడీ 100 కూడా వేడెక్కితే ఆగుతోందట, రేపు పొద్దున తెమ్మన్నారు.